రెండో ముద్ద

ఇంకా ఊపిరి ఉంది. ఇప్పుడే మెడ పక్కన కుచ్చులు కదిలాయి, నేను చూశాను, ఎడమవైపు మూడూ కదిలాయి, కుడివైపు ఒక్కటే. మట్టి గోలెం చుట్టూ కట్టిన గోనెసంచి మళ్ళీ ఆరిపోయింది, పావుగంట కింద తడిపిందే. ఈ మే నెల ఎండకు బుద్ధీ జ్ఞానం లేదు, ఇంటి లోపలా బయటా అని చూడదు, తలుపు సందుల్లోంచి కూడా వచ్చి తడి తాగి పోతుంది. మా ఇంట్లో అన్నిటికంటే చల్లని జాగా ఈ మగ్గం గుంటే. మా మామ ఉన్నన్నాళ్లు ఇందులో కాళ్లు పెట్టుకుని నేసేవాడు. ఆయన పోయాక మగ్గం కట్టెలు పొయ్యిలోకి పోయాయి, గుంట ఎక్కడికి పోతుంది, ఉండిపోయింది. గుంటలో గోలెం దించి, అందులో నీళ్లు పోసి, ఆ నీళ్లలో కాలేజీవాళ్ల జీవాలు రెండిటినీ వదిలి ఇది ఐదో నెల. ఇప్పుడు గుంట గట్టు మీద మామ కూర్చున్నట్టే కూర్చున్నాను, కాళ్లు లోపలికి వేసి, చేతుల్లో ఏ పనీ లేకుండా. బీడీల చాట పక్కకు తోసేశాను. కత్తిరించిన తునికాకు ఎండి చుట్టుకుపోతోంది, పోనీ. పొగాకు చెయ్యి నీళ్లలో పెట్టొద్దక్కా, అది వాటికి విషం, అని కాలేజీ సారు చెప్పిన రోజు నుంచీ చింతపండు వేసి రుద్ది రుద్ది కడుక్కునే పెడుతున్నాను. కడగడంలో లోపం లేదు. లోపం ఎక్కడుందో నాకు తెలుసు.

ఐసు వస్తుంది. మా ఆయన పొద్దున్నే ఐసు కోసం సైకిల్ వేసుకుని పోయాడు, అటునుంచటే బస్సుకు పోతాడు. ఇవాళ కూడా బంద్, బజారులో ఐసు దుకాణాలన్నీ మూసి ఉన్నాయట. కాలేజీ మూసినప్పటి నుంచీ బోధన్‌లోనే ఉంటున్న బాపురావు సారు ఒంటిగంట బస్సుకు వస్తున్నాడు, అక్కడ పనిచేసే మా కొడుకు ఆత్మారాం కూడా అదే బస్సుకు వస్తున్నాడు, వాడే తన షక్కర్ ఫ్యాక్టరీ దగ్గర ఎవరినో పట్టుకుని గోనెసంచిలో ఐసు కట్టించుకొస్తానని కబురు చేశాడు. బంద్ రోజు బస్సు వస్తుందా అంటే, వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పన్నెండు దాటిందో లేదో. మధ్య గోడకున్న చిన్న కిటికీలోంచి పడే ఎండ కుండల అరుగు దాకా వచ్చింది, గుంట గట్టుకు చేరేసరికి ఒంటిగంట అవుతుంది. అప్పటిదాకా ఉండు తల్లీ. ఒక్క గంట. ఇన్ని నెలలు ఊరుకున్నదానివి ఒక్క గంట ఉండలేవా.

తల్లీ అంటున్నాను, ఎవరైనా వింటే నవ్వుతారు. ఇవి ఏమిటో నాకే సరిగా తెలియదు. జానెడు పొడుగు, నాలుగు కాళ్లు, చేప తోక, మెడకు అటు మూడు ఇటు మూడు ఊపిరి తీసే కుచ్చులు, రెప్పల్లేని కళ్లు, మూసుకుంటే నవ్వినట్టుండే నోరు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది, ఇప్పుడు కొనఊపిరితో ఉన్నది ఆ తెల్లదే. కాలేజీలో సారు గదిలో అద్దాల పెట్టెలో ఉండేవి. మా ఆయన ఆ కాలేజీలోనే అటెండర్. జనవరిలో పిల్లలు జై తెలంగాణ అంటూ కాలేజీ మూయించారు. తాళం వేసిన కాలేజీలో వీటికి నీళ్లు మార్చేదెవరు, రేకుల కింద గది, రేపు ఎండాకాలం వస్తే ఎట్లా, అని సారు తల పట్టుకుంటే, మా ఇంట్ల మగ్గం గుంత ఉన్నది సారూ, మస్తు సల్లగుంటది, అని ఈయనే మాటిచ్చి వచ్చాడు. సారే స్వయంగా బకెట్లో పెట్టుకుని రిక్షాలో తెచ్చాడు. చంటిపిల్లల్ని దింపినట్టు దింపాడు. "అక్కా, ఇవి బల్లులు గావు, చేపలు గావు. ఆక్సొలాటిల్ అంటరు. దేశంగాని దేశంల సల్లటి చెరువులల్ల ఉంటయి. బొంబాయికి పోయి, కాళ్లు పట్టుకుని తెచ్చుకున్న. వీట్ల ఒకటి మొగది, ఒకటి ఆడది అయితె గుడ్లు పెడతయి, పిల్లలైతయి, మన కాలేజీల ఎప్పటికీ ఉంటయి. పోతె మళ్ల నాకు ఇచ్చెటోడు లేడు," అన్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, ఆ మాట అంటూ బకెట్ చెవి వదలకుండా పట్టుకునే ఉన్నాడు. నాకు జాలేసింది. భద్రంగ సూసుకుంట సారూ, అన్నాను. నేనే అన్నాను.

మా అత్త సత్తవ్వకు చూపు సగం పోయింది, నోరు మాత్రం నిండుగా ఉంది. వసారాలో మంచం మీంచి అడిగింది, "మొగదేది, ఆడదేది సారూ?" అని. మా ఇంట్లోకి ఏ ప్రాణి వచ్చినా ఆమె మొదటి ప్రశ్న అదే. "ఇప్పుడే తెల్వది అవ్వా," అన్నాడు సారు. "ఏడాది నిండాలె. నిండినంక తిప్పి చూస్తె ఎనక కాళ్ల నడుమ, తోక మొదట్ల ఉబ్బుంటది, అట్లుంటె మొగది. గక్కడ చదునుగ ఉండి, ఒళ్లు గుండ్రంగ అయితె ఆడది." నేను అన్నీ విన్నాను. తోక మొదలు, ఉబ్బు, చదును, అన్నీ గుర్తున్నాయి. చదువుకున్నవాళ్లకు ఏడాది కావాలి, మాకు ఒక్క పూట చాలింది. సారు గల్లీ దాటాడో లేదో వాడిన నీళ్లు పోయే జాలారి పక్క తడి మట్టిలో ఎర్రలు తవ్వి, చిమ్టాతో పట్టి నీళ్లలో చూపించాను. నల్లది ఒక్క దూకు దూకి లాక్కుంది. తెల్లది వెనక్కి జరిగింది. రెండో ఎర్ర కూడా నల్లదే లాక్కుంది. "ఏది ముందుగాల తిన్నది?" అని అత్త అడిగింది. నల్లదన్నాను. "గదే మొగది తీయ్," అంది అత్త. నేను నవ్వాను. అవునత్తా, ఇదేమో పాపం ఎనుకకు జరిగింది, ఆడదే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. చిమ్టా నా చేతిలో ఉంది, ఆ మాటా నా నోటి నుంచే వచ్చింది, ఇందులో అత్తను అనడానికి ఏమీ లేదు.

కుచ్చులు కదిలాయా? కదిలాయి. కొద్దిగా. తోక కొన మడతపడి ఉంది, పొద్దున్నుంచీ అట్లాగే ఉంది. నల్లది చూడు, గోలెం అడుగున నిండుగా కూర్చుని ఉంది, పక్కన ఏం జరుగుతోందో దానికి పట్టలేదు, దాని తప్పు కూడా ఏముంది.

ముందు మొగదానికి. ఎవరూ నాకు చెప్పలేదు, చేతికే తెలుసు. ఈ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా అన్నం వడ్డిస్తున్న చెయ్యి. మామ, ఆ తర్వాత మా ఆయన, ఆ తర్వాత ఆత్మారాం, వాళ్లు లేచాక అడుగున మిగిలింది అత్తా నేనూ. గిన్నె అడుగు గరిటెకు తగిలే చప్పుడు వింటేనే ఇక మా వంతు అని తెలుస్తుంది. నల్లది నోరు తిప్పుకునేదాకా దానికే పెట్టేదాన్ని. వద్దన్నాక మిగిలితే తెల్లదానికి. సంక్రాంతి పోయాక మట్టి ఎండి ఎర్రలు తగ్గాయి, ఖటికె దుకాణం నుంచి మేక కార్జం తుంచి తెచ్చేవాడు మా ఆయన, అదీ అంతే. నల్లది ఒళ్లు చేసింది. మగవాడు తింటే చూడముచ్చటగా ఉంటుందని అత్తకు కూడా చెప్పాను. తెల్లది సన్నంగా ఉండిపోయింది. ఆడపిల్ల కదా, సుకుమారం అనుకున్నాను. గుంటలో చీకటి, గోలెం మట్టిది, పైనుంచి వీపులే కనిపిస్తాయి, కడుపులు కనబడవు. తిప్పి చూడొచ్చు, మార్చికే ఏడాది నిండింది. తెలిసిపోయినదాన్ని మళ్ళీ తిప్పి చూడడం ఎందుకు?

నా బిడ్డ విమల కూడా వెనక్కే జరిగేది. నాలుగు నెలల పిల్ల ఎక్కడికి జరుగుతుంది, నేనే జరిపేదాన్ని. పోలీసు చర్య అయిన ఏడాది చలికాలంలో కవలలుగా పుట్టారు ఇద్దరూ, ముందు ఆత్మారాం, పావుగంటకు అది. ఆ ఏడు బజారులో జొన్నలు దొరకలేదు, నేసిన చీరలు కొనేవాడు లేడు, నాకు పాలు ఎక్కడినుంచి వస్తాయి. ఉన్నంతలో పిలగానికి ముందు పట్టు, అంది అత్త. పట్టాను. వాడు రెండు వైపులా తాగి, నిండి, నిద్రపోయేవాడు. అప్పుడు దాన్ని తీసుకునేదాన్ని. ఏడ్చేది కాదు. పక్కన పడుకుని, తమ్ముడు తాగుతుంటే చూస్తూ ఉండేది. తమ్ముడు అంటున్నాను, పావుగంట పెద్దవాడిని, అది ఎప్పుడూ ఓపికపట్టేది కదా, నాకు మనసులో అదే పెద్దదైపోయింది. గల్లీలో అందరూ మెచ్చుకునేవారు, ఎంత గుణవంతురాలే నీ బిడ్డ, ఏడ్వదు, సతాయించదు. నేనూ మురిసిపోయాను. ఆకలికి ఏడ్చే ఓపిక కూడా లేని పిల్లను చూసి మురిసిపోయిన తల్లిని నేను. ఇట్లాంటి మే నెలే. ఇట్లాంటి మధ్యాహ్నమే. మగ్గం చప్పుడు వినిపిస్తోంది, మామ నేస్తున్నాడు, ఈ గుంటలోనే ఆయన కాళ్లు. అది నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది, చప్పుడు లేదు. అప్పుడు తెలిసింది నాకు. ఆత్మారాం గుక్కపట్టి ఏడుస్తున్నా చాప మీద వదిలేసి ముందు దానికి ఇచ్చాను. జీవితంలో మొదటిసారి ముందు దానికి. అది పట్టుకోలేదు. పాలు చెంప మీదికి కారిపోయాయి.

"పోతె పోయింది, ఆడది. పిలగాడు దక్కిండు, దేవునికి దండం పెట్టు," అంది అత్త. చెడ్డదేం కాదు మా అత్త. ఆమెకు నలుగురు ఆడపిల్లలు పోయారు, ఎవరి పేర్లూ చెప్పదు. మా ఆయన వాగు ఒడ్డున గుంట తవ్వి వచ్చి, స్నానం చేసి, కూర్చున్నాడు. ఏమీ అనలేదు, ఇప్పటికీ అనలేదు. పద్మశాలీల ఇల్లు, గోడ మీద మార్కండేయుడి పటం. చావు మెడకు తాడు వేసినా తప్పించుకున్న పిల్లవాడు. ఆ రోజు పటం వంక చూసి అనుకున్నాను, నువ్వు మగపిల్లవాడివి కాబట్టి తప్పించుకున్నావు సామీ అని. ఆ తర్వాత నూనె పోసి దీపం పెట్టాను.

"ఏమక్కా, ఆ బల్లికాడనే ఉన్నవా ఇంకా?" పక్కింటి రాములవ్వ, తలుపు దగ్గర. నిప్పుపెట్టె కోసం వచ్చింది. "నా చాట సగమైంది, నువ్వు ఇయ్యాల ముట్టనే లేదు. ఏం జబ్బే దానికి?" ఎండ, అన్నాను. "ఎండకు మనుషులే పోతున్నరు," అంటూ పోయింది. నిజమే, సగం నిజం. ఎండ నల్లదాని మీద కూడా కాసింది కదా.

మూడు వారాల కింద చూశాను. నీళ్లు మార్చడానికి రెండిటినీ బకెట్లోకి తీసినప్పుడు, మొదటిసారి వసారా వెలుతురులో, తెల్లదాని వీపు మీద ఎముక వరుస కనిపించింది. దాన్ని నేను ఇంతకుముందు చూశాను, ఆ వీపును, నా ఒళ్లో, నూనె రాస్తున్నప్పుడు వేళ్లకు తగిలేది. బకెట్ వసారాలోనే వదిలేసి కార్జం కోసం లోపలికి పరుగెత్తాను. ఏమైందే అని అత్త కేకలు వేస్తోంది. ఆ రోజు నుంచి ముందు తెల్లదానికి. నల్లదాన్ని చిప్పతో అడ్డుపెట్టి ఆపి, కార్జం సన్నగా తరిగి, నోటి దగ్గర పట్టుకుని, తిను బిడ్డా, తిను, ముందు నీకే, మొత్తం నీకే. రెండు రోజులు తిన్నది. మూడో రోజు ముక్క నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. అప్పటినుంచి ఏమీ లేదు. నల్లదాన్ని పస్తు కూడా పెట్టాను రెండు పూటలు, కోపంతో. దాని మీద కోపం ఏమిటి, పిచ్చిదాన్ని. ఈ ఒక్కటి బతికితే, ఈ ఒక్కటి, నేను ఇక ఎవరినీ ఏమీ అడగను. ఇరవై ఏళ్ల కిందటిది తిరిగిరాదని తెలుసు. అయినా చెయ్యి మాత్రం ఒకసారి, ఒక్కసారైనా, టైముకు అందించింది అనిపించుకోవాలని ఉంది.

"సచ్చిందా?" వసారాలోంచి అత్త.

"లేదు."

"ఏదే గది?"

"ఆడది."

"ఆడదే గద, సారు ఇంకోటి తెస్తడు తీ. మొగది మంచిగున్నదా?"

మంచిగున్నది అత్తా. మస్తుగున్నది.

ఎండ గట్టుకు ఇంకా బెత్తెడు దూరంలో ఉంది. తెల్లది పైకి తేలింది. పక్కకు ఒరిగింది, మళ్ళీ సరిచేసుకోవడానికి ఒక కాలు కదిపింది, ఒక్కటే, చేతకాలేదు. చెయ్యి కడుక్కున్నానా? కడుక్కున్నాను. నీళ్లలోకి అరచెయ్యి పెట్టి దాని కింద ఆనించాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, గుంటలో కూడా, ఇక చల్లని జాగా లేదు ఈ ఊళ్లో. బరువే లేదు. నోరు తెరిచింది. మూసింది. తెరిచింది. ఉండు, బస్సు దిగి ఉంటారు, సైకిల్ మీద పది నిమిషాలు, ఐసు ఉంటుంది వాడి భుజాన, ఉండు విమలా. కుచ్చులు ఎడమవైపు రెండు కదిలాయి. తర్వాత ఒకటి. తర్వాత నీళ్లు కదిలితే కదిలాయి, అంతే. నేను చెయ్యి తీయలేదు. ఎండ వచ్చి నా మోకాలి మీద పడింది.

గల్లీలో సైకిల్ గంట. ముందు ఆత్మారాం వచ్చాడు, భుజం మీద గోనెసంచి, రంపపు పొట్టు రాలుతూ, చొక్కా వీపంతా ఐసు నీళ్లతో తడిసి. ఎంత వెడల్పు వీపు నా కొడుకుది. బట్టల్లో ఫ్యాక్టరీ చెరకు మడ్డి వాసన. "అవ్వా, తెచ్చిన, ఎటు పెట్టాలె?" అని నన్ను అడిగాడు ఆయాసపడుతూ. వెనకాల మా ఆయన, ఆ వెనకాల గొడుగు ముడుచుకుంటూ సారు. నా మొహం చూడగానే సారుకు అర్థమైంది. సారు గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, నా చేతిలోంచి దాన్ని తీసుకుని, తెల్ల పళ్లెంలో పెట్టి, వెలుతురు పట్టున వెల్లకిలా తిప్పాడు. చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత గోలెంలోకి చేతులు పెట్టి నల్లదాన్ని తీసి దాన్నీ తిప్పాడు.

"అక్కా," అన్నాడు. "సచ్చిపోయినది మొగది."

నేను వినలేదనుకున్నట్టున్నాడు, పళ్లెం నా ముందుకు జరిపాడు. "గిక్కడ సూడు. తోక మొదట్ల ఉబ్బు. గంత సిక్కిపోయినా తెలుస్తున్నది. నల్లది ఆడది. గీ పొట్ట తిండిది గాదక్కా, గుడ్లు. ఇంకొక్క నెల ఈ మొగది బతికుంటె సరిపోతుండె." పళ్లెం అంచు వదలకుండా పట్టుకునే ఉన్నాడు, జనవరిలో బకెట్ చెవి పట్టుకున్నట్టే. "ఇగ ఉండి ఏం లాభం, ఒక్కటే ఏం జేస్తది."

"ఏందీ, మొగదా?" వసారాలో మంచం కిర్రుమంది. "మొగది పోయిందా? అయ్యో! అయ్యో, మొగదాన్ని సంపుకుంటిమా! పోరీ, తెల్వక పస్తుపెడితివా దాన్ని!" అత్త తలుపు పట్టుకుని వచ్చి నిలబడింది. చూపు మసకేసిన కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నిజం నీళ్లు. విమల పోయిన రోజు నేను ఆ కళ్లల్లో వెతికాను, ఒక్క చుక్క కనబడలేదు.

నాకు ఏడుపు రాలేదు. పళ్లెంలోకి చూస్తున్నాను. ఆ ఉబ్బు చింతగింజంత కూడా లేదు. జనవరిలో ఇది పైకి కనబడి ఉంటే నేను దీనికే ముందు పెట్టేదాన్ని. ఇది నిండుగా బతికేది, నల్లదాని వీపున ఎముకలు తేలేవి, సుకుమారం అనుకునేదాన్ని, అది పోతే పోయేది, ఐసు కోసం ఎవరినీ పంపేదాన్ని కాదు. గుంట గట్టు మీద ఈ గంట ఉండేదే కాదు. మూడు వారాలు నేను బతిమాలింది ఎవరిని? సారు దాన్ని సీసాలో స్పిరిట్లో పెడతాడట, మొగది అని చీటీ రాసి అతికిస్తాడట, పిల్లలు వచ్చి చూస్తారట కాలేజీ తెరిచాక. దీని విషయంలో పొరపాటు జరిగింది, పెద్దమనిషి వచ్చి తిప్పి చూసి పొరపాటని చెప్పాడు, అత్త ఏడ్చింది. నా బిడ్డను ఎవరూ తిప్పి చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. అక్కడ ఏ పొరపాటూ జరగలేదు.

సారు పళ్లెం మీద తడిగుడ్డ కప్పుకుని, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఐసు గోలెంలో వేశారు, తెచ్చారు కాబట్టి. నల్లది చల్లదనానికి కదిలి, పైకి వచ్చి, నా వంక నోరు తెరిచింది. మా ఆయన దాన్ని ఒకసారి చూసి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. ఆత్మారాం చొక్కా విప్పి దండెం మీద వేసి పీట వాల్చుకున్నాడు. "అవ్వా, ఆకలైతున్నదే," అన్నాడు, మెల్లగా, నా మొహం చూసి భయపడుతూ. మంచివాడు నా కొడుకు. వాడికి విమల సంగతి ఏమీ తెలియదు, ఎవరూ చెప్పలేదు. లేచాను. చింతపండుతో చేతులు కడుక్కున్నాను, అలవాటు కొద్దీ. పళ్లేలు పెట్టి, వాడికీ మా ఆయనకీ వడ్డించాను. వాడు నిండుగా తింటున్నాడు. గరిటె గిన్నె అడుక్కి తగిలింది.

"మొగోళ్లకు పెట్టినవా?" అని వసారాలోంచి అత్త అడిగింది, ముక్కు చీదుకుంటూ.

పెట్టిన, అన్నాను.